సెర్వాకు లేని జబ్బు

"లేవనంటే లేవను! నన్నూ రోలునూ కలిపి ఎత్తి లారీలో పడెయ్యమను నీ మనుషుల్ని. వాళ్ళ నడుములు విరిగితే నా పూచీ లేదు."

పెరట్లో బోర్లించిన, ఫుఫు ముద్ద దంచుకునే రోలు మీద కాళ్ళు బారజాపుకుని కూర్చుంది సెర్వా. గేటు బయట లారీ నిలబడి ఉంది. మంచం, బీరువా, పరుపులు, అంపోఫో పడక్కుర్చీ అప్పటికే అందులోకి ఎక్కేశాయి. ఇంట్లో మిగిలింది రోలు ఒక్కటే. దాని మీద ఆవిడ.

కూలీలిద్దరూ గోడవైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. లారీ డ్రైవరు ఇసాకా బుర్ర గోక్కున్నాడు.

"పెద్దయ్యా, మీరిద్దరూ ఒక మాటకొచ్చేలోగా మేం టీ తాగొస్తాం" అన్నాడు.

"ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇప్పుడే లేస్తుంది" అన్నాడు అంపోఫో.

"ఇప్పుడే లేస్తుందట! నేను కోడిపెట్టనా, గుడ్డు పెట్టి లేవడానికి?"

పొద్దున్నే సంతలో కొట్టు తెరిచి, గుడ్డల తాన్లు కిందికి దించుకుంటున్న మనిషికి పక్కింటామె కబురు పంపింది. 'సెర్వా, నీ మంచం వీధిలో కనపడుతోంది. తెలిసే జరుగుతోందా?' అని. తెలిసి కాదు. మొన్న ఆదివారం ఇద్దరూ కలిసి అనొమాబో వెళ్ళి, సముద్రం ఒడ్డున ఆ ఇల్లు చూసొచ్చిన మాట నిజమే. చూద్దాం అన్నాడు, చూసింది. ఒక రాత్రి ఉందాం అన్నాడు, ఉంది. తిరిగొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. ఎత్తలేదంటే మానుకున్నాడనుకుంది. ఎత్తకుండా లారీ మాట్లాడుకున్నాడని ఎవరనుకుంటారు?

"చూసొచ్చాంగా" అన్నాడు అంపోఫో, గొంతు తగ్గించి. "బాగానే ఉందన్నావుగా."

"పక్కింటామె మనవణ్ణి చూసినా బాగున్నాడనే అన్నాను. ఎత్తుకొచ్చి నా ఒళ్ళో పడేస్తావా?"

కూలీల్లో ఒకడికి నవ్వు ఆగలేదు. అంపోఫో వాడివైపు గుడ్లురిమి చూశాడు.

"సరే, అడుగుతున్నాను చెప్పు" అంది సెర్వా. "ఏముందక్కడ?"

"గాలి ఉంది."

"గాలి! ఇన్నేళ్ళూ కుమాసీలో గాలి లేకుండానే బతికావా?"

"ఇక్కడ దుమ్ము, హోరు. అక్కడ మనశ్శాంతి. పొద్దున్నే వలలోంచి తీసిన చేప తెచ్చుకోవచ్చు."

"మంగళవారం అక్కడి జాలర్లు సముద్రంలోకి దిగరు, అది వాళ్ళ ఆచారం. మంగళవారం ఏం తింటావు, ఇసకా?"

"ముందురోజుది పొగబెట్టుకుని ఉంచుకుంటాం."

"ఆహా, ఎవరు పొగబెడతారు? నేను! కొట్టు మూసుకుని, పొయ్యి దగ్గర కూర్చుని, కళ్ళల్లోకి పొగ పోయించుకుంటాను. ఆ ఇంటి కిటికీ ఊచలు చూశావా? ఉప్పుగాలికి తుప్పుపట్టి, కొరికేసిన చెరుకుగడల్లా ఉన్నాయి. నీ మోకాళ్ళు పట్టేస్తే చూసే పెద్దాసుపత్రి ఆ ఊళ్ళో ఉందా? మన మాటకి నవ్వుతారు. అడవి యాస అంటారు. అదీ పోనీ. రేపు నువ్వో నేనో పోతే? శవం పక్కన కూర్చుని ఏడవడానికి అక్కడ మనదంటూ ఒక్క ఆడదుందా? ఆ ఊరి ఫాంటీవాళ్ళని బతిమాలి తెస్తావా? వాళ్ళు సగం ఏడుపు ఇంగ్లీషులో ఏడుస్తారు!"

"నాక్కావలసింది అదే" అన్నాడు అంపోఫో, ఉన్నట్టుండి గట్టిగా. "ప్రతి శనివారం నల్లబట్ట కట్టుకుని, ఎవడి చావుకో వెళ్ళి, ఎవడి తగువో తీర్చి... నాకు విసుగొచ్చేసింది సెర్వా. చావుల్లేని ఊరు కావాలి నాకు."

"చావుల్లేని ఊరు దేవుడు ఇంకా పుట్టించలేదు."

"చావులుంటాయి. మనవి కావు."

సెర్వా రోలు మీద కొంచెం సర్దుకుని కూర్చుంది. ఆ మాటలో ఏదో ఉంది. ఏళ్ళ తరబడి అడవి దుంగల లారీ తోలుతూ తకొరాది రేవుకి వెళ్ళి వచ్చిన మనిషి. రేవులో దుంగలు దింపేదాకా సముద్రం చూస్తూ కూర్చునేవాణ్ణని, అక్కడ తననెవరూ ఏదీ అడిగేవారు కాదని, పెళ్ళయిన కొత్తలో చెప్పేవాడు. ఈ మనిషి ఎవరికీ కాదని చెప్పలేడు, అవుననీ చెప్పలేడు. అడిగేవాళ్ళు లేని చోటే అతనికి స్వర్గం.

ఆమె ఎవరికీ చెప్పని మాట ఇంకొకటుంది. అనొమాబోలో ఆ ఒక్క రాత్రీ ఆవిడ ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. పొద్దున్నే చేపలమ్మే ఒకావిడ, "నీ నోట్లో ఇంకా చెట్లున్నాయి తల్లీ" అని ఆవిడ యాసకి నవ్వితే, "నీ నోట్లో చేపముళ్ళున్నాయి, జాగ్రత్త" అని ఈవిడా నవ్వింది. ఇద్దరూ కెంకే మొక్కజొన్న ముద్ద పొట్లం విప్పుకుని ఇసుక మీదే కూర్చుని తిన్నారు. సంతలో ఇన్నేళ్ళు కొట్టు నడిపినా, అమ్మడానికీ కొనడానికీ కాకుండా ఎవరైనా తనతో కూర్చుని మాట్లాడి ఎంత కాలమయిందో ఆవిడకి గుర్తు రాలేదు.

ఆ మాట అతనితో చెబుదామనే అనుకుంది. అడుగుతాడని చూసింది. అడగలేదు. లారీ తెచ్చాడు.

"నన్ను అడగవలసింది" అంది చివరికి.

అంపోఫో నోరు విప్పబోయాడు. అంతలో గేటు కిర్రుమంది.

ఫొరివా వచ్చింది. అంపోఫోకి అక్క. చేతిలో గుడ్డ కట్టిన మట్టికుండ. సామాను లారీ చూసి నిట్టూర్చి, నేరుగా సెర్వా దగ్గరికొచ్చి, ఆవిడ వీపు నిమిరింది.

"లేవకు, లేవకు. కూర్చో తల్లీ. ఆయాసం ఎక్కువగా ఉందా? ఆకుల కషాయం కాచి తెచ్చాను. వేడిగా తాగు. ఛాతీలో పట్టేసిందంతా కరుగుతుంది."

సెర్వా ఆవిడ మొహం వైపు చూసింది.

"ఎవరి ఛాతీ వదినా?"

"నీదేనమ్మా. తమ్ముడు అంతా చెప్పాడు. ఉప్పుగాలి తగలకపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు అన్నాడటగా. పెళ్ళాం ప్రాణం కన్నా పెద్దరికం ఎక్కువా అని వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మేం మాత్రం ఏమంటాం? కుటుంబంలో అందరం నీ కోసం ప్రార్థన చేస్తున్నాం."

ఇసాకా నోట్లో పుల్ల నోట్లోనే ఉండిపోయింది.

అంపోఫో లారీవైపు చూస్తున్నాడు. లారీ చక్రం వైపు. ఆ చక్రంలో ఏదో తిరగబోతున్నట్టు.

సెర్వా కుండ అందుకుంది. గుడ్డ విప్పింది. వాసన చూసింది. తర్వాత నెమ్మదిగా, ఒక్క చుక్క మిగలకుండా, మొగుడి చెప్పుల ముందు నేల మీద పారబోసింది.

"నాకు ఛాతీ జబ్బు" అంది. "నాకు! సంతలో తాన్లు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కే నాకు! పెద్దరికం ఏమిటి వదినా? ఏ పెద్దరికం?"

"నీకు చెప్పలేదా?"

"ఆయన నాకు చెప్పేది లారీ వచ్చాక."

ఫొరివా తమ్ముడివైపు తిరిగింది. ఆవిడ మొహంలో జాలి అంతా ఒక్క క్షణంలో ఆవిరైపోయింది.

"అబద్ధమా? ఒరేయ్, మేం ఉపవాసాలున్నాంరా!"

"అక్కా..."

"అక్క లేదు, గిక్క లేదు. విను సెర్వా. మా అసారే మామ పోయి ఏడాది దాటింది. ఆయన తర్వాత కుటుంబానికి పెద్ద ఎవరు? అమ్మవైపు నెత్తురు కదా, పెద్ద మేనల్లుడు. వీడే. పెద్దరికం ఒప్పుకుని తాగమని పెద్దలు జిన్ను సీసా పట్టుకుని మూడుసార్లు వచ్చారు. సెర్వాకి బాగాలేదు, సముద్రానికి తీసుకుపోతున్నాను, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాడు. ఇవాళ మామ ఇంట్లో అందరూ కూర్చున్నారు. తేలిపోవాలి. మన్సా సంగతి కూడా ఇవాళే తేల్చాలి."

మన్సా అసారే భార్య. పేరు వినగానే అంపోఫో తల దించుకున్నాడు. సెర్వా అది చూసింది. ఇప్పుడర్థమైంది. గాలీ కాదు, చేపలూ కాదు.

"అత్త సంగతేమిటి?" అంది.

"ఏముంది? ఏడుపు ఏడాది అయిపోయింది. ఆవిడ నల్లబట్ట విప్పి తెల్లబట్ట కట్టింది. ఇక ఆవిడ ఇంటికి ఆవిడ పోవాలి. అది మా అమ్మవైపువాళ్ళ ఇల్లు. నా కూతురు నలుగురు పిల్లలతో ఒక్క గదిలో ముడుచుకుని పడుకుంటోంది. మా నెత్తురు పంచుకున్న పిల్లలు ఇరుకులో, పరాయి మనిషి నాలుగు గదుల్లోనా? పెద్ద అన్నవాడు ఆ మాట చెప్పాలి. చట్టం చట్టం అని ఆవిడ ఎవరినో తెచ్చేలోగా గదులకి తాళాలు వేయించాను పొద్దున్నే."

సెర్వా రోలు మీంచి లేచింది.

లేవడమే ఆలస్యం, కూలీలిద్దరూ రోలు ఎత్తి లారీలో పెట్టేశారు. ఆవిడ వాళ్ళ వంక చూడనైనా చూడలేదు. మొగుడి ఎదుట నిలబడింది.

"నువ్వు లారీ మీద క్లీనరుగా చేరిన రోజుల్లో నీకు అన్నం పెట్టిందెవరు?"

అతను లారీలోకెక్కిన రోలు వైపు చూశాడు.

"ఒంటినిండా డీజిలు పూసుకుని వస్తే, నీళ్ళు కాచి పోసిందెవరు? నీకు పిల్లనివ్వమని మా అమ్మ గడప తొక్కిందెవరు?"

"అత్తే" అన్నాడు గొణుగుతూ.

"ఆవిడని వీధిలోకి నెట్టమంటే నెట్టలేవు. నెట్టొద్దని అనలేవు. అందుకని నాకు జబ్బు తెప్పించావు!"

"నేనుంటే నా నోటితో చెప్పాలి సెర్వా. నేను లేకపోతే..."

"నువ్వు లేకపోతే వేరేవాడు నెడతాడు. నువ్వు అక్కడ అలల చప్పుడు వింటూ కూర్చుంటావు. ఈ చప్పుడు నీకు వినపడదు. ఆవిడ మాత్రం వీధిలోనే ఉంటుంది!"

ఆవిడ వెళ్ళి లారీ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

"ఇసాకా, అసారే ఇంటికి పోనియ్. సంత వెనక వీధి. ఆయన రావాలనుకుంటే వెనక సామానుతో కూర్చుంటాడు."

అంపోఫో వెనక సామానుతోనే కూర్చున్నాడు.

అసారే ఇంటి ముంగిట రెండు వరసల కుర్చీల్లో కుటుంబం కూర్చుని ఉంది. మధ్యలో ముసలి బాఫో, ఆయన కాళ్ళ దగ్గర జిన్ను సీసా. వెనక అరుగు మీద, తాళాలు వేసిన నాలుగు తలుపుల ముందు, పీట మీద మన్సా. తెల్లబట్టలో ఎండలో కూర్చుంది. ఎవరినీ చూడడం లేదు. ఎవరూ ఆవిడని చూడడం లేదు.

అంపోఫో భుజం మీది వస్త్రం దించి పెద్దలకి దణ్ణం పెట్టాడు.

"వచ్చావు. సంతోషం" అన్నాడు బాఫో. "నీ పెళ్ళాం ఆరోగ్యం ఎలా ఉంది?"

సెర్వా గేటు దగ్గర నిలబడి ఉంది. అంపోఫో వెనక్కి ఓసారి చూశాడు.

"మీకు తెలిసిందే కదా తాతా. ఇంట్లో పరిస్థితి బాగాలేదు. డాక్టరు..."

ఇంకా అదే మాట! ఆవిడ ఎదురుగానే!

"చెప్పు!" అంది సెర్వా. ఆ అరుపుకి మన్సా కూడా తలెత్తింది. "నా ఛాతీలో ఏముందో చెప్పు. కఫమా, పుండా? డాక్టరు పేరేమిటి? నేనూ తెలుసుకుంటాను!"

బాఫో చెయ్యెత్తాడు. "అమ్మా, ఇది నెత్తుటివాళ్ళ కొలువు. నువ్వు ఈ కుటుంబానికి చుట్టానివి. చుట్టం మాట్లాడకూడదు. కూర్చో."

"చుట్టాన్నే తాతా. ఆవిడా చుట్టమే." సెర్వా చెయ్యి చాపి మన్సా వెనకున్న తలుపులు చూపించింది. ఎడమచెయ్యి. పెద్దల ముందు ఎడమచెయ్యి లేపేసరికి కుర్చీల్లో గుసగుసలు లేచాయి. ఆవిడ దించలేదు. "రేపు ఈయన పోతే నా గదికీ ఇలాంటి తాళమే పడుతుంది. చుట్టానికి తన తాళం ముందుగా చూసుకునే హక్కు కూడా లేదా?"

"ఆ చెయ్యి దించు!" అని లేచింది ఫొరివా.

"నువ్వు ఆ తాళాలు దించు, నేను చెయ్యి దించుతాను!"

"నీ మొగుడి ఇంట్లో మేమెప్పుడైనా..."

"ఆగండి."

అంపోఫో గొంతది. గట్టిగా లేదు. కానీ అతను ఎవరినైనా ఆగమనడం ఆ ముంగిట ఎవరూ విని ఉండరు. అందుకే ఆగారు.

అతను కొంచెంసేపు నేల చూస్తూ నిలబడ్డాడు. చెంపల మీద చెమట. కుర్చీల్లో ఒకాయన దగ్గి, దగ్గినందుకు సిగ్గుపడ్డాడు.

"సీసా ఇటివ్వండి" అన్నాడు అంపోఫో.

ఫొరివా మొహం వెలిగిపోయింది. సెర్వా గేటు ఊచ గట్టిగా పట్టుకుంది. అతను రెండు చుక్కలు నేల మీద పోసి, పోయినవాళ్ళ పేర్లు చెప్పి, తనూ ఒక గుక్క తాగాడు. పెద్దలు "మేలు, మేలు" అన్నారు.

"ఇప్పుడు నేను పెద్దనేనా?"

"నువ్వే" అన్నాడు బాఫో.

"అయితే తాళాలు తియ్యండి. అత్త బతికున్నన్నాళ్ళూ ఆ గదులు అత్తవి. ఇది నా మొదటి మాట."

ఫొరివా ముందు నమ్మలేదు. తర్వాత నమ్మింది. నడుముకి కట్టుకున్న తాళంచెవుల గుత్తి లాగి దుమ్ములోకి విసిరికొట్టింది.

"నీ చావుకి నేను ఏడవను! నా కడుపున పుట్టినవాళ్ళెవరూ ఏడవరు! విన్నావా?"

"విన్నాను. నీ కూతురి పిల్లలు మా ఇంటికి రావచ్చక్కా. గదులున్నాయి."

"నీ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టరు" అని ఆవిడ విసవిసా వెళ్ళిపోయింది.

మన్సా పీట మీంచి తనే లేచింది. మెట్లు దిగి, వంగి, దుమ్ములోంచి గుత్తి తీసుకుంది. అంపోఫో ముందు ఆగింది. అతను దీవెన కోసం తల వంచాడు.

"ఏడాది నుంచి చూస్తున్నాను, ఎవడైనా నోరు విప్పుతాడా అని" అంది. "ఇంత ఆలస్యమా రా? అదీ నీ పెళ్ళాం అరిస్తే!"

వెళ్ళి, తలుపు తెరుచుకుని, లోపలికి పోయి, అందరి మొహాల మీదా తలుపేసుకుంది.

సెర్వా లారీ దగ్గరికి వచ్చేసింది. చిరాకో సంతోషమో తెలియదు. మొగుడు నడిచి వస్తుంటే చూసింది. ఈ మనిషి పక్కన గడిపిన కాలమంతటిలో ఇవాళే అతను కొంచెం పొడుగ్గా కనిపించాడు. ఏదో మంచి మాట అందామనుకుంది.

అతనే ముందు మాట్లాడాడు. నవ్వుతూ.

"ఇసాకా, లారీ తిప్పు. సామాను మళ్ళీ ఇంట్లో దించేద్దాం." తర్వాత ఆవిడతో, "పెద్ద అయినవాడు ఊరు దాటకూడదు. సముద్రం ముచ్చట ఇంక తీరినట్టే. పోనీలే, నువ్వు కోరుకున్నదే అయింది. గెలిచావు" అన్నాడు.

సెర్వా ఆ మంచి మాట మింగేసింది.

"మళ్ళీనా?" అంది.

"ఏమిటి మళ్ళీ?"

"పొద్దున పోదాం అన్నావు. ఇప్పుడు వద్దంటున్నావు. ఆ మాటకీ ఈ మాటకీ మధ్య నేనెక్కడున్నాను?"

"నీకిష్టం లేదన్నావుగా! రోలెక్కి కూర్చున్నావుగా!"

"ఇష్టమా కాదా అని అడిగావా? ఒక్కసారి? ఆ ఇసుక మీద నేను చేపలావిడతో కూర్చుని తింటుంటే నువ్వు కిటికీలోంచి చూశావు. ఏం మాట్లాడుకున్నారని అడిగావా? ఆ రాత్రి నాకు నిద్రపట్టిందా అని అడిగావా? పట్టింది! నా పెళ్ళయ్యాక అలా పట్టలేదు!"

అంపోఫో వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"మరి కిటికీ ఊచలు, మంగళవారం, ఏడుపులు..."

"అవన్నీ నిజమే. ఊచలు తుప్పే పట్టాయి. ఆసుపత్రి దూరమే. అవన్నీ తెలిసే ఒకవేళ వస్తానేమో! తూచుకునేది నేను. నా తక్కెడ కూడా నువ్వే పట్టుకుంటావేం?"

ఆవిడ లారీ ముందు సీట్లోకి ఎక్కి తలుపు లాక్కుంది.

"ఇసాకా, అనొమాబో పోనియ్."

ఇసాకా అంపోఫో వైపు చూశాడు.

"అటు చూడకు. ఛాతీ నొప్పి ఎవరికి? నాకు. ఉప్పుగాలి తగలాలని డాక్టరు చెప్పింది ఎవరికి? నాకు. కుటుంబమంతా ప్రార్థన చేస్తోంది. వాళ్ళ ప్రార్థన వృథా చేస్తావా?"

"సెర్వా, దిగు" అన్నాడు అంపోఫో తలుపు పట్టుకుని. "జనం చూస్తున్నారు. నీ కొట్టు?"

"కొట్టు నాది. దాని సంగతి నేను చూసుకుంటాను."

"నేనెలా ఉండాలి? ఒక్కణ్ణీ! మంచం కూడా అందులోనే ఉంది!"

"పెద్దవాడివి కదా. కుటుంబం చూసుకుంటుంది."

"ఎన్నాళ్ళు?"

ఎన్నాళ్ళో ఆవిడకీ తెలియదు. కోపం తగ్గేదాకానో, లేక అక్కడ మరీ బాగుంటే...

"పెద్దా!" ముంగిట్లోంచి బాఫో గొంతు వినిపించింది. "ఎక్కడికయ్యా? ఇలా రా. కొండ కింది కోకో తోట తగువు ఉంది. ఇద్దరూ కత్తులు తెచ్చుకున్నారు. నువ్వు చెప్పేదాకా కదలరట."

అంపోఫో వెనక్కి తిరిగి చూశాడు. గుమ్మంలో ఇద్దరు మగవాళ్ళు ఒకరి రొమ్ము ఒకరు తోసుకుంటున్నారు. మళ్ళీ ఇటు తిరిగాడు. జీవితంలో మొదటిసారి అతన్ని ఒకేసారి ఇద్దరు పిలుస్తున్నట్టుంది మొహం. నిజానికి సెర్వా పిలవలేదు. ఎదురుగా రోడ్డు వైపే చూస్తోంది.

ఇసాకా గేరు వేశాడు. అంపోఫో చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది.